కురుసుర గారూ, మీ గుమ్మం దగ్గరికి వాళ్ళని పిలవండి

ఐఎన్ఎస్ కురుసుర గారికి,
ఆర్కే బీచ్, విశాఖపట్నం.

అయ్యా,

జలాంతర్గామిగా 1969లో నేవీలో చేరారు. 2001లో రిటైరయ్యారు. మరుసటేడు నుంచి ఇసుకలో కూర్చుని టికెట్ల మీద మీ బతుకు మీరు బతుకుతున్నారు. రక్షణ ఖర్చు అనేదాన్ని పన్ను కట్టేవాడు ఈ చివర దూరి ఆ చివర తేలి, 91 మీటర్లూ కళ్ళారా చూసుకోగలిగేది మీ దగ్గరే. (రోడ్డవతల టీయూ-142 విమానం గారు కూడా ఆ కోవలోవారే, ఆయనకి విడిగా రాస్తాం.)

మిగతా ఖర్చు గురించి నోరెత్తితే "సైన్యాన్ని అవమానిస్తున్నారు" అంటారు. ఆ మాట అనేవాళ్ళే ప్రతిపక్షంలో ఉన్నప్పుడు "లెక్క చెప్పండి" అని గొంతు చించుకున్నారు. కుర్చీలు మారినప్పుడు కొత్తగా రాసుకునే శ్రమ కూడా లేదు, అవతలివాళ్ళ పాత కాగితం తీసి చదివేస్తే సరి.

రష్యా నుంచి కొన్న విమానవాహక నౌక గోర్ష్‌కోవ్ (ఇప్పటి ఐఎన్ఎస్ విక్రమాదిత్య) సంగతే చూడండి. 2004లో వాజ్‌పేయి ప్రభుత్వం 97 కోట్ల డాలర్లకి ఒప్పందం రాసుకుంది. పాత ఓడని పూర్తిగా విప్పి చూడకుండా వేసిన అంచనా అది. విప్పాక చూస్తే మార్చాల్సిన కేబుళ్ళే అనుకున్నదానికి ఎన్నో రెట్లు. 2010లో మన్మోహన్ ప్రభుత్వం 235 కోట్ల డాలర్లకి తలూపింది. ఇద్దరి చేతులూ ఉన్న బిల్లు కాబట్టి తిట్టుకోవడానికి ఇద్దరికీ సగం సగమే దొరికింది, పాపం.

ఫ్రాన్స్ నుంచి కొన్న రఫేల్ యుద్ధవిమానాలది ఇంకో తమాషా. 2019లో కాగ్ (ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే సంస్థ) నివేదిక, మన్మోహన్ కాలపు పాత బేరం కన్నా 2.86 శాతం చౌక అంది. ఎంతలో ఎంత అన్న అంకెలు మాత్రం చెరిపేసి ఉన్నాయి. పూర్ణా మార్కెట్‌లో ఏ కొట్టువాడైనా ఇలా బిల్లు రాసిస్తే సంచీ అక్కడే దింపేసి వస్తాం.

అసలు గొడవకి వస్తాం. 2021 జనవరిలో విశాఖ ఉక్కుని మొత్తం అమ్మేయాలని కేంద్రం తీర్మానించింది. సొంత గని లేక నష్టాల్లో ఉన్నదాన్ని నిలబెట్టడానికి డబ్బెక్కడిది అన్నారు. కూర్మన్నపాలెంలో శిబిరం వేసి ఏళ్ళ తరబడి దీక్షలు చేస్తే, 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ వచ్చింది. ఆ వెంటనే ఫిబ్రవరి 1న బడ్జెట్ కాగితాలు బయటికొచ్చాయి. 2024-25లో కొత్త ఓడలు, విమానాలు, ఆయుధాలు వగైరాల కోసమని రక్షణ పద్దులో పెట్టిన 1,72,000 కోట్లని 1,59,500 కోట్లకి కోసేశారు. అంటే 12,500 కోట్లు వాడకుండానే వెనక్కి. మొత్తం ఉక్కు ప్యాకేజీ కన్నా వెయ్యి కోట్లు ఎక్కువే.

ఎందుకు మిగులుతుందో మీకు తెలియనిది కాదు. ఓడ డబ్బు ఒక్కసారిగా ఇవ్వరు. కీల్ (ఓడకి అడుగున ఉండే వెన్నెముక) వేశాక కొంత, నీళ్ళలోకి దింపాక కొంత, ఇలా దశకింత. ఒప్పందం మీద సంతకం ఆరు నెలలు జారినా, విదేశం నుంచి రావాల్సిన ఒక్క భాగం ఆగినా, ఆ దశ బిల్లు మార్చి 31 దాటిపోతుంది. దాటితే ఆ ఏటి పద్దు మురిగిపోయినట్టే. మళ్ళీ ఫిబ్రవరిలో "రికార్డు కేటాయింపు" అని హెడ్డింగు. కేటాయించిన రోజున పూలదండలు. వెనక్కిచ్చిన రోజున ప్రెస్ మీట్ ఉండదు.

లోక్‌సభలో అడగొచ్చు కదా అంటారేమో. 2023 మార్చి 23న అటు అదానీ మీద జేపీసీ (సంయుక్త పార్లమెంటరీ సంఘం) కావాలని, ఇటు రాహుల్ క్షమాపణ కావాలని ఇరుపక్షాలూ కేకలేసుకుంటుంటే 45 లక్షల కోట్ల బడ్జెట్ గిలెటిన్ కింద (మిగిలిన పద్దులన్నీ ఒక్కసారిగా ఓటుకి పెట్టేసే పద్ధతిలో) చర్చ లేకుండా పాసైపోయింది. అందులో రక్షణది 5.94 లక్షల కోట్లు. ఆ ఒక్క విషయంలో వాళ్ళ ఐకమత్యాన్ని మెచ్చుకోవాలి.

కాబట్టి మా మనవి. ఈసారి నేతలు బీచ్‌కొచ్చి మీ ముందు సెల్యూట్ కొడుతూ ఫొటో దిగినప్పుడు లోపలికి పిలవండి, అన్ని పార్టీలవాళ్ళనీ. మీ ఏడు గదుల మధ్య గుండ్రటి గుమ్మాలున్నాయి కదా, తల వంచకుండా ఎవరూ దాటలేరు. టార్పెడో గదిలో కూర్చోబెట్టి, పద్దు పద్దూ చదివించి, అయ్యాకే తలుపు తియ్యండి. టికెట్లు మేమే కొంటాం. ఎలాగూ అన్నీ మేమే కొంటున్నాం.

ఇట్లు,
పన్ను కట్టేవాళ్ళు,
విశాఖపట్నం.