రెక్కలు నేలకు తగిలి విరగలేదు

అంగారకుడిపైకి నాసా పంపిన ఇంజెన్యుటీ హెలికాప్టర్ ప్రస్థానం రెక్కలు నేలకు తగిలి విరగడంతో ముగిసిందని, దాని గురించి వచ్చిన ఒక వ్యాసంలో రాశారు. మొదట్లో చాలామంది అనుకున్నది అదే అయినా, 2024 డిసెంబరులో నాసా వెల్లడించిన దర్యాప్తు వివరాలు వేరే కారణాన్ని చూపుతున్నాయి. 1.8 కిలోల ఆ చిన్న యంత్రం కింది నేలను నలుపు తెలుపు కెమెరాతో చూస్తూ, రాళ్ల వంటి గుర్తులు ఒక చిత్రం నుంచి మరో చిత్రానికి ఎంత జరిగాయో లెక్కగట్టి తన వేగాన్ని తెలుసుకునేది. 2024 జనవరి 18న, 72వసారి ఎగిరినప్పుడు, కింద దాదాపు ఏ ఆనవాలూ లేని ఇసుక అలలే పరచుకుని ఉండటంతో ఆ లెక్క తప్పింది. పక్కకు జారుతూనే ఏటవాలు ఇసుకపై గట్టిగా దిగి ఒక్కసారిగా ఒరిగిపోవడంతో, ఆ కుదుపుకే నాలుగు రెక్కలూ బలహీనమైన చోట విరిగాయని ఇంజనీర్లు అంచనాకు వచ్చారు. భూమి గాలిలో సుమారు నూరో వంతు సాంద్రతే ఉన్న చోట, నిమిషానికి 2,400 సార్లకు పైగా తిరగాల్సిన రెక్కలను అంతకంటే బరువుగా, దృఢంగా చేయడం తేలిక కాదు. అయిదుసార్లు ఎగిరితే చాలనుకుని పంపిన యంత్రమది! దాని ప్రధాన ఇంజనీరు బాబ్ బలరామ్ మన మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ పాఠశాలలో చదువుకున్నారన్న సంగతిని కూడా వ్యాసంలో చేర్చి ఉంటే ఎంతో సంతోషించేవాడిని.