బస్సు సీటు మీది కర్చీఫు గారికి

అయ్యా కర్చీఫు గారూ,

మొన్న ఆదివారం పొద్దున తిరుపతి బస్టాండులో మనం కలిశాం. మీకు గుర్తుండదులెండి, కాణిపాకం బస్సులో మూడో వరస కిటికీ పక్కన హాయిగా పడుకుని ఉన్నారు. నీలం గళ్ళు, ఒక మూల టీ మరక. బస్సు ఇంకా సరిగ్గా ఆగనే లేదు, మీరు కిటికీలోంచి ఎగిరొచ్చి సీటులో పడ్డారు. మీ యజమాని బయట తీరిగ్గా టీ తాగుతున్నాడు.

అంతలో ఒక అవ్వ సంచి పట్టుకుని ఎక్కింది. మిమ్మల్ని కాసేపు చూసి, మెల్లిగా కూర్చోబోయింది. అంతే, నాలుగు గొంతులు ఒక్కసారే లేచాయి, "కర్చీఫ్ వేసుండారు కదవ్వా, కనపడలా?" అని. అందులో ఒక గొంతు నాదే, ఆ సంగతి తర్వాత చెప్తాను. నిలబడ్డ మనిషి ఎవరికీ కనపడలేదు గానీ గుడ్డముక్క మాత్రం అందరికీ కనపడింది. పట్టాదారు పాసుపుస్తకం ఉన్నా గట్టు దగ్గర గొడవలు తప్పవు, మీ మీద మాత్రం ఎవరూ కోర్టుకు పోరు స్వామీ.

గట్టు అంటే గుర్తొచ్చింది. మీ యజమాని ఎక్కి, మిమ్మల్ని దులిపి మెడ చుట్టూ వేసుకుని, ఫోన్లో బస్సంతా వినేలా చెప్తున్నాడు: పక్క పొలం ఆయన గట్టు రెండడుగులు ఇవతలికి జరిపేసినాడంట, ఈరోజు వినాయకుడి ముందర ఆయన చేత ప్రమాణం చేయిస్తాడంట! కాణిపాకంలో అబద్ధపు ప్రమాణమంటే మా చిత్తూరు వైపు ఎంత భయమో చెప్పక్కర్లేదు. అక్కడి బాహుదా నది కథ కూడా అందరికీ తెలుసు. లిఖితుడు ఆకలికి తాళలేక అడక్కుండా ఒక్క మామిడిపండు కోసుకుంటే రాజు చేతులు నరికించాడు, ఆ నదిలో మునిగాకే అవి తిరిగొచ్చాయి. ఒక్క పండుకే! (ఇన్ని తోతాపురి తోటలున్న జిల్లాలో ఆ లెక్కన చూస్తే బస్సులో కమ్మీ పట్టుకోవడానికి ఎందరికి చేతులు మిగులుతాయో.) అవ్వ ఆ కథ జరిగిన చోటికే పోతూ, చంద్రగిరి దాటినా నిలబడే ఉంది.

మీ వంశం బస్సులతో ఆగలేదని నాకు తెలుసు. 2007లో రష్యా వాళ్ళు ఉత్తర ధ్రువం దగ్గర 4 కిలోమీటర్లకు పైగా లోతుకు దిగి, సముద్రం అడుగున టైటానియం జెండా పాతి వచ్చారు. అచ్చం మీరే, కాకపోతే ఉతకక్కర్లేదు. జెండాలు పాతి సొంతం చేసుకునే కాలం పోయిందని కెనడా మంత్రి కసిరాడు. ఆ కెనడానే హాన్స్ అనే ఉత్త బండరాతి దీవి కోసం డెన్మార్క్‌తో పోటీపడి, ఏళ్ల తరబడి వంతులేసుకుని జెండా పాతి పక్కన మందు సీసా పెట్టి వచ్చేది. 2022లో ఇద్దరూ దాన్ని పంచుకున్నారు. మన దగ్గరైతే ముందు సీసా ఖాళీ అయ్యేది.

2021 మాత్రం తలుచుకుంటే నవ్వు రాదు. డబ్బున్న దేశాలు తమ జనానికి కావలసినదానికి ఎన్నో రెట్లు కోవిడ్ టీకాల మీద ముందే కర్చీఫ్ వేసేశాయి, పేద దేశాల్లో ఆస్పత్రి నర్సులు మొదటి డోసు కోసం ఎదురుచూశారు. అందరికీ పంచుదామని పెట్టుకున్న కోవాక్స్, ఆ అవ్వలాగే సంచి పట్టుకుని నిలబడింది.

మీ పప్పులు ఉడకని చోటు ఒకటుంది, అంటార్కిటికా. 7 దేశాలు అప్పటికే ఆ మంచు మీద కర్చీఫులు వేసేసుకున్నాయి. 1959 నాటి ఒప్పందం వాటిని తీయమనలేదు, ఒప్పుకోనూ లేదు. ఎవరైనా వచ్చి పరిశోధన చేసుకోండి, సైనిక స్థావరాలు మాత్రం వద్దు అంది. అందుకే మన మైత్రి కేంద్రం నార్వే కర్చీఫు మీద, భారతి కేంద్రం ఆస్ట్రేలియా కర్చీఫు మీద దర్జాగా కూర్చున్నాయి, లెమ్మన్నవాడు లేడు.

ఇక నా సంగతి. మీ వెనక సీటులో ఉన్న తెల్ల కర్చీఫు నాది, మా బావమరిది కోసం వేసింది. అవ్వను మీ మీద కూర్చోనిస్తే రేపు నా దానికి విలువేముంటుంది? బస్సు కదలకముందే వాడు రావట్లేదని ఫోన్ చేశాడు. అయినా ఎందుకో ఆ సీటులో నా బ్యాగు పెట్టుకున్నాను.

కాణిపాకంలో దిగి అవ్వ వెనకాలే గుడిలోకి నడిచాను. ప్రమాణాలు చేసే చోటు రాగానే కాస్త వేగం పెంచాను, చేతులు రెండూ జేబుల్లో పెట్టుకుని.

ఇట్లు,
నాలుగో వరస తెల్ల కర్చీఫు యజమాని