చూడదగ్గ చోటు పక్కన ఎవరు ఉండగలుగుతున్నారు?

ఏ కొత్త నగరానికి బయల్దేరినా మనం ముందుగా వెతికేది చూడదగ్గ చోట్ల జాబితానే. మ్యూజియం, పాత బజారు, నది ఒడ్డు, గ్యాలరీలున్న వీధి, చిన్న నాటకశాల. తీరా తిరిగొచ్చాక ఎవరైనా ఎలా ఉందని అడిగితే మనం చెప్పే కబుర్లు వేరుగా ఉంటాయి. మ్యూజియం మెట్ల మీద పుస్తకాలు పరచుకున్న కాలేజీ పిల్లలు, కాలువ గట్టున చదరంగం ఆడుతున్న పెద్దవాళ్లు, చీకటి పడగానే వీధిలోకి కుర్చీ లాక్కుని కూర్చునే ఇంటివాళ్లు. మనకు నచ్చినది కట్టడం ఒక్కటే కాదు, ఆ ఊరివాళ్లు దాన్ని తమదిగా వాడుకునే తీరు కూడా. పాత గోడలను కాపాడటానికి, కొత్త మ్యూజియాలు కట్టడానికి నగరాలు గత ముప్పై ఏళ్లలో చాలా ఖర్చు పెట్టాయి. వాటి పక్కన మామూలు మనుషులు బతకగలిగేలా చూడటానికి అందులో కొంచెమైనా శ్రద్ధ పెట్టలేదు. నగరాల స్వభావం మారిపోతోందని అందరూ బాధపడుతున్నారు కదా, ఆ మార్పు మొదలయ్యేది ఇక్కడే అని నా అభిప్రాయం.

ఒక్క మ్యూజియంతో నగరం మారిపోయిన కథ చెప్పేవాళ్లంతా బిల్బావ్ పేరు ఎత్తుతారు. ఉత్తర స్పెయిన్‌లో మూడున్నర లక్షల జనాభా ఉన్న నగరం అది. ఓడల తయారీ, ఉక్కు పరిశ్రమ కుప్పకూలి, పైగా 1983లో వరదలొచ్చి చితికిపోయింది. 1997లో అక్కడ నది ఒడ్డున ఫ్రాంక్ గెరీ డిజైన్ చేసిన గుగ్గెన్‌హైమ్ మ్యూజియం తెరిచారు. టైటానియం రేకులు తొడిగిన ఆ వింత భవనాన్ని చూడటానికి ప్రపంచం కదిలొచ్చింది. అప్పటి నుంచి ప్రతి మేయరుకూ అలాంటి భవనం ఒకటి కావాలి. కానీ బిల్బావ్‌లో మ్యూజియం కంటే రెండేళ్ల ముందే, 1995లో మెట్రో నడిచింది. మురుగు నిండిన నదిని శుభ్రం చేసే పని ఏళ్ల తరబడి సాగింది. ఓడరేవును సముద్రం వైపు జరిపి, ఊరి మధ్యలో ఖాళీ అయిన ఒడ్డును జనానికి ఇచ్చారు. ఇవన్నీ ఊరివాళ్ల రోజువారీ బతుకును బాగుచేసిన పనులు. మిగతా నగరాలు వీటిని వదిలేసి టైటానియాన్ని మాత్రమే చూశాయి.

ఊరివాళ్ల కోసం కట్టినది బయటివాళ్లకూ ఎంత బాగుంటుందో హెల్సింకీలో కనిపిస్తుంది. ఫిన్లాండ్ స్వాతంత్ర్యానికి నూరేళ్లు నిండిన సందర్భంగా తలపెట్టిన 'ఓడి' గ్రంథాలయం 2018 డిసెంబరులో తెరుచుకుంది. అది సరిగ్గా పార్లమెంటుకు ఎదురుగా ఉంటుంది. పుస్తకాలు మూడో అంతస్తులో ఉంటాయి. మధ్య అంతస్తులో కుట్టుమిషన్లు, త్రీడీ ప్రింటర్లు, పాటలు రికార్డు చేసుకునే గదులు. ఒకరు చిరిగిన ప్యాంటు తెచ్చి అక్కడే కుట్టుకుంటారు, పక్క గదిలో కుర్రాళ్లు డ్రమ్స్ వాయిస్తుంటారు, పైన ఓ తల్లి బిడ్డను పాకనిస్తూ కూర్చుంటుంది. టికెట్ లేదు, ఏమీ కొననక్కర్లేదు. పర్యాటకుల కోసమంటూ ప్రత్యేకంగా ఏదీ పెట్టకపోయినా పర్యాటకులు వెళ్తూనే ఉన్నారు. డబ్బు ఖర్చు పెట్టకుండా గంటలకొద్దీ కూర్చోగలిగే చోటు నగరం నడిబొడ్డున ఉండటం ఎంత అరుదైపోయిందో ఆలోచిస్తే, దాని ఆకర్షణ ఏమిటో అర్థమవుతుంది.

పారిస్‌లో పాంపిడూ సెంటర్ అనే కళాకేంద్రం కూడా మొదట ఇలాంటి ఆలోచనతోనే పుట్టింది. 1977లో అది తెరిచినప్పుడు, దాన్ని డిజైన్ చేసిన రెంజో పియానో, రిచర్డ్ రోజర్స్ స్థలంలో దాదాపు సగాన్ని భవనానికి వాడకుండా మైదానంగా వదిలేశారు. లోపల అందరికీ ఉచితంగా పెద్ద గ్రంథాలయం పెట్టారు. భవనం బయటి గోడను పట్టుకుని పాకే గాజు గొట్టంలో ఎస్కలేటర్లు, వాటి మీద ఎవరైనా ఊరికే పైకెళ్లి పారిస్ కప్పులు చూసి దిగి రాగలిగేవాళ్లు. కళ అంటే ఏమిటో తెలియనివాళ్లు కూడా అలా లోపలికి వచ్చారు. 2000లో మరమ్మతుల తర్వాత ఆ ఎస్కలేటర్లకు టికెట్ పెట్టారు. బయటి నుంచి చూస్తే భవనంలో ఏ తేడా లేదు. దాన్ని ఎవరు ఎక్కగలరన్నది మారిపోయింది. ఇలాంటి మార్పులు పత్రికల మొదటి పేజీకి ఎక్కవు, అందుకే వాటి మీద పోట్లాట కూడా జరగదు.

పోట్లాట జరిగిన చోటు లండన్. థేమ్స్ నది దక్షిణపు ఒడ్డున, 1981లో మూతపడిన విద్యుత్ కేంద్రాన్ని 2000లో టేట్ మోడర్న్ మ్యూజియంగా మార్చారు. ఒకప్పుడు టర్బైన్లు తిరిగిన ఆ పెద్ద హాల్లోకి ప్రవేశం ఉచితం. పిల్లలు నేల మీద దొర్లుతూ ఆడుకుంటారు, ఎవరూ ఏమీ అనరు. మ్యూజియం వచ్చాక చుట్టుపక్కల స్థలాల ధరలకు రెక్కలొచ్చాయి. పక్కనే గాజుగోడల ఖరీదైన ఫ్లాట్లు లేచాయి. 2016లో మ్యూజియం తన కొత్త భవనం పదో అంతస్తులో, లండన్‌ను చుట్టూ చూసేందుకు ఒక వరండా తెరిచింది. దానికీ టికెట్ పెట్టలేదు. అక్కడి నుంచి జనం నగరాన్నే కాదు, ఎదురుగా ఉన్న ఫ్లాట్లలోకీ చూశారు, ఫొటోలు తీశారు. ఫ్లాట్ల యజమానులు కొందరు కోర్టుకెక్కారు. కింది కోర్టుల్లో ఓడినా 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు 3-2 మెజారిటీతో వాళ్ల పక్షాన తీర్పు చెప్పింది. గాజుతో కట్టినా ఇల్లు ఇల్లే, అందులో ఉండేవాళ్లను రోజూ వందల మంది తొంగిచూడటం ఎవరికైనా భరించలేని విషయమే. తీర్పుతో నాకు పేచీ లేదు. కానీ జరిగిన క్రమం చూడండి. ప్రజల సొమ్ముతో, ప్రజల కోసం వచ్చిన మ్యూజియం ఆ పేటకు గిరాకీ తెచ్చింది, ఆ గిరాకీతో ఖరీదైన ఫ్లాట్లు వచ్చాయి, చివరికి ఆ ఫ్లాట్లకూ ప్రజల వరండాకూ పొసగలేదు. వరండా కంటే ఫ్లాట్లు ముందు వచ్చిన మాట నిజమే, అయితే అక్కడ అలాంటి ఫ్లాట్లకు అనుమతి ఇచ్చిన రోజే ఈ గొడవకు పునాది పడింది.

సంగీతం వినిపించే హాళ్ల విషయంలో ఇదే సమస్య ఇంకా పచ్చిగా ఉంటుంది. పాటలున్న వీధి కదా అని పక్కన ఫ్లాటు కొంటారు, కొన్నాక చప్పుడని ఫిర్యాదు చేస్తారు, నెలల్లో హాలు మూతపడుతుంది. మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రం 2014లోనూ, ఇంగ్లండ్ 2018లోనూ దీనికి ఒక నియమం తెచ్చాయి. ఎవరు కొత్తగా వస్తే శబ్దం లోపలికి రాకుండా చూసుకునే బాధ్యత వాళ్లదే. హాలు పాతదై, అపార్ట్‌మెంట్ కొత్తదైతే దళసరి అద్దాల ఖర్చు బిల్డరే పెట్టుకోవాలి. కాపాడాల్సింది గోడను కాదు, ఆ గోడల మధ్య జరిగే పనిని అని ఒప్పుకున్న అతి కొద్ది చట్టాల్లో ఇదొకటి. నాకు ఇది ఏ వారసత్వ ఫలకం కంటే కూడా విలువైనదిగా అనిపిస్తుంది.

సియోల్ కథ కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే మెచ్చుకోవాల్సిందీ నొచ్చుకోవాల్సిందీ అక్కడ ఒకే చోట ఉన్నాయి. నగరం మధ్యలో చోంగ్యేచోన్ అనే వాగును ఎప్పుడో కాంక్రీటుతో కప్పేసి, దాని మీద ఎత్తయిన రహదారి వేశారు. 2003లో ఆ రహదారిని కూల్చడం మొదలుపెట్టి, 2005 కల్లా సుమారు 5.8 కిలోమీటర్ల మేర నీళ్లు పారించారు. ఎండాకాలం సాయంత్రాలు ఆఫీసుల నుంచి వచ్చినవాళ్లు బూట్లు విప్పి నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చుంటారు. ఒక నగరం కార్ల నుంచి నేలను వెనక్కి తీసుకుని మనుషులకు ఇవ్వడం మామూలు విషయం కాదు. అందుకే ప్రపంచం నలుమూలల నుంచీ అధికారులు వెళ్లి దాన్ని చూసొస్తుంటారు.

ఆ రహదారి నీడన పాత సామాన్లు, పనిముట్లు, రేడియోలు, బట్టలు అమ్ముకునేవాళ్లు ఉండేవాళ్లు. వాగు కోసం వాళ్లను లేపి, దగ్గర్లోని డోంగ్డేమున్ స్టేడియం మైదానంలోకి పంపారు. అది 1925 నాటి స్టేడియం. అక్కడ మళ్లీ గుడారాలు వేసుకుని, మళ్లీ బేరాలు కుదుర్చుకుంటున్నారు అనుకునేలోపే ఆ స్టేడియాన్నీ కూల్చాలని నిర్ణయమైంది. దాని స్థానంలో జహా హదీద్ డిజైన్ చేసిన, ఎక్కడా మూలల్లేని వెండిరంగు భవనం 2014లో తెరిచారు. చాలామంది పర్యాటకులు సియోల్‌లో ఫొటో దిగేది దాని ముందే. వ్యాపారులను మాత్రం మరో పేటలో కట్టిన మార్కెట్‌కు తరలించారు. స్టేడియం తవ్వినప్పుడు జోసియన్ రాజుల కాలపు కోటగోడ భాగాలు బయటపడ్డాయి. వాటిని పదిలంగా తీసి, పార్కులో అందరూ చూసేలా పెట్టారు. మంచి పనే. రాళ్లకు దొరికిన ఆ ఓపిక రెండుసార్లు చోటు పోగొట్టుకున్న మనుషులకు దొరకలేదు. పాత సామాన్ల బజారు అంటే సామాన్లే కాదు. ఏ మర ఏ రేడియోకు సరిపోతుందో తెలిసినవాడు, వాడి దగ్గరకు ఇరవై ఏళ్లుగా వచ్చే ఖాతాదారు, పక్క దుకాణంవాడితో అరువు. ఒకసారి లేపితే ఇందులో సగం పోతుంది, రెండోసారి లేపితే మిగిలేది సరుకే.

అదే నగరంలో బుక్చోన్ ఉంది. పెంకుటిళ్ల వరుసలు కొండ మీదికి పాకే అందమైన పేట, అందులో ఇప్పటికీ కాపురాలున్నాయి. జనం వీధిలో నిలబడి గట్టిగా మాట్లాడటం, తలుపులు తోసి చూడటం భరించలేక చాలామంది ఇళ్లు ఖాళీ చేశారు. చివరికి 2024 నవంబరు నుంచి, కొన్ని వీధుల్లోకి ఉదయం 10 నుంచి సాయంత్రం 5 వరకే పర్యాటకులు రావాలని నిబంధన పెట్టారు. పర్యాటకులకు కాస్త ఇబ్బందే. అయినా అక్కడ ఎవరూ కాపురం లేకుండా పోతే, మనం చూడటానికి వెళ్లేది సినిమా సెట్టింగు లాంటి వీధినే.

వెనిస్ ఆ దశకు దగ్గరపడింది. 1951లో పాత నగరంలో సుమారు 1,75,000 మంది ఉండేవాళ్లు. 2022లో ఆ సంఖ్య 50,000 కంటే దిగువకు వచ్చింది. రియాల్టో వంతెన దగ్గర ఓ మందుల షాపు అద్దం వెనుక, ఊళ్లో ఇంకా ఎంతమంది మిగిలారో చూపే ఎలక్ట్రానిక్ బోర్డు 2008 నుంచి ఉంది. పక్కనుంచి పోయే పర్యాటకుల్లో చాలామంది దాన్ని గడియారమో, ఉష్ణోగ్రతో అనుకుంటారేమో. 2024లో కొన్ని రోజుల్లో పగటి సందర్శకులకు 5 యూరోల ప్రవేశ రుసుము పెట్టారు. ఊరికి టికెట్ పెడితే ఊరు మ్యూజియమేనని ఒప్పుకున్నట్టు తప్ప, ఖాళీ అయిన ఇంట్లోకి ఒక్క కుటుంబమైనా తిరిగొస్తుందని నేను అనుకోను. రద్దీ ఫలితం మాత్రమే. కారణం, నెల అద్దెకు ఇచ్చే ఇంటి కంటే రాత్రి అద్దెకు ఇచ్చే ఇంటికి ఎక్కువ రాబడి రావడం. ఈ లెక్కను పట్టుకున్నది బార్సిలోనా. పర్యాటకులకు అద్దెకిచ్చే పదివేల పైచిలుకు ఫ్లాట్ల లైసెన్సులను 2028 నవంబరు తర్వాత పునరుద్ధరించబోమని అక్కడి మేయరు 2024లో ప్రకటించారు. అమలు ఎలా ఉంటుందో ముందు ముందు తేలాలి గానీ, వేలు పెట్టింది సరైన చోటే.

దుకాణాలకూ నాటకశాలలకూ ఇదే వర్తిస్తుంది. శాన్ ఫ్రాన్సిస్కోలో 2015లో ఓటర్లు ఆమోదించిన పథకం ఒకటుంది. 30 ఏళ్లకు పైబడి నడుస్తూ, పేటకు గుర్తుగా నిలిచిన వ్యాపారాలను నమోదు చేస్తారు. వాటికి పదేళ్ల లీజు రాసిచ్చే స్థలం యజమానికి నగరం కొంత సొమ్ము ఇస్తుంది. ముఖద్వారానికి రంగులు వేయించడం కంటే ఇది ఎన్నో రెట్లు మేలు. టోక్యోలో షిమోకితజావా అనే పేట చిన్న నాటకశాలలకు, పాత బట్టల దుకాణాలకు పేరు పడింది. ఒకప్పటి నటుడు కట్టించిన హోండా థియేటర్ అక్కడ 1982 నుంచి నడుస్తోంది. 2013లో రైలు పట్టాలు భూమి కిందికి వెళ్లడంతో పైన సుమారు 1.7 కిలోమీటర్ల పొడవున స్థలం మిగిలింది. అలాంటి చోట ఎవరైనా షాపింగ్ మాల్ కడతారు. రైల్వే సంస్థ అందులో ఒక భాగంలో, కింద దుకాణం పైన ఇల్లు ఉండే చిన్న చిన్న గదులు కట్టి, కొత్తగా మొదలుపెట్టేవాళ్లు భరించగలిగే అద్దెకు ఇచ్చింది. దుకాణదారు పైనే ఉంటాడు కాబట్టి షట్టర్ వేశాక కూడా వీధిలో దీపం వెలుగుతుంది.

న్యూయార్క్ హైలైన్‌ను మెచ్చుకోనివాళ్లు తక్కువ. 1980లో చివరి గూడ్సు బండి నడిచాక పాడుబడిన ఎత్తయిన పట్టాల మీద 2.3 కిలోమీటర్ల తోట. జాషువా డేవిడ్, రాబర్ట్ హ్యామండ్ అనే ఇద్దరు స్థానికులు 1999లో సంఘం పెట్టి కూల్చివేతను ఆపించారు, 2009లో మొదటి భాగం తెరిచారు. ఆ తోట నిజంగానే అందంగా ఉంటుంది. కానీ దాని చుట్టూ లేచినవి కోట్ల ఖరీదు చేసే అపార్ట్‌మెంట్లు. పక్కనే ఉన్న ప్రభుత్వ గృహ సముదాయాల్లోని కుటుంబాలు అటు పెద్దగా రాలేదు. డిజైన్ ఎలా ఉండాలని వాళ్లను అడిగామే గానీ మీకేం కావాలని అడగలేదని హ్యామండే 2017లో బహిరంగంగా ఒప్పుకున్నారు.

అలాంటి పొరపాటు జరగకుండా పని క్రమాన్నే మార్చుకున్నవాళ్లు వాషింగ్టన్‌లో ఉన్నారు. అనకోస్టియా నది మీద పాత వంతెన స్తంభాలపై ఒక పార్కు కట్టాలని వాళ్ల ప్రయత్నం. నదికి ఒక వైపు డబ్బున్న పేటలు, మరో వైపు పేద నల్లజాతి కుటుంబాల ఇళ్లు. పార్కు వస్తే అద్దెలు పెరుగుతాయని ముందే తెలుసు కాబట్టి, పునాది తవ్వకముందే 2015లో ఇళ్లు, ఉద్యోగాలు, చిన్న వ్యాపారాల మీద ప్రణాళిక ప్రకటించారు. ఇళ్ల కింది నేల అమ్మకానికి వెళ్లకుండా, స్థానికుల చేతిలోనే ఉమ్మడిగా ఉండేందుకు ఒక భూమి ట్రస్టు పెట్టించారు. అద్దెకున్నవాళ్లు సొంత ఇల్లు కొనుక్కోవడానికి క్లాసులు నడిపారు. అవన్నీ పార్కు తెరవకముందే మొదలైన పనులు. ఏదైనా నగరం మ్యూజియమో, నది ఒడ్డున తోటో ప్రకటించినప్పుడు, ఆర్కిటెక్ట్ ఎవరని అడిగే ముందు పత్రికలవాళ్లు ఈ ప్రణాళిక ఎక్కడుందని అడగాలి.