ఆ ఫార్వర్డ్‌లో నాలుగో చిట్కాని టెర్మినల్లో పేస్ట్ చెయ్యకండి

"టెర్మినల్లో పది రెట్లు వేగంగా వెతకడానికి ఐదు చిట్కాలు" అనే మెసేజ్ ఈ వారం మూడు గ్రూపుల్లో వచ్చింది. పంపినవాళ్లంతా రోజూ సర్వర్ల మీద పనిచేసేవాళ్లే. ఒక్కసారి ఏ ఉత్తుత్తి ఫోల్డర్లోనో కొట్టి చూసి ఉంటే పంపేవాళ్లు కాదు.

మొదటిది, ఫైళ్లలో మాటలు వెతికే గ్రెప్ పేరుకి, అదే పని చేసే రిప్‌గ్రెప్‌ని ఏలియాస్‌గా పెట్టుకోమని, అంటే గ్రెప్ అని కొడితే రిప్‌గ్రెప్ నడిచేలా. రిప్‌గ్రెప్ వేగం నిజం, పెద్ద కోడ్‌లో నేనూ అదే వాడమంటాను. కానీ ఏలియాస్ వద్దు. గ్రెప్‌లో -ఆర్ అంటే లోపలి ఫోల్డర్లలో కూడా వెతకమని. రిప్‌గ్రెప్‌లో -ఆర్ అంటే దొరికిన మాట బదులు ఇంకోటి పెట్టి చూపించమని. చేతికి అలవాటైన -ఆర్ఎన్ కొట్టారంటే, దొరికిన ప్రతి మాటా తెర మీద 'ఎన్' అనే ఒక్క అక్షరమై కూర్చుంటుంది. ఫైల్ మారదు గానీ, చూసినవాళ్ల గుండె జారుతుంది. పైగా గిట్‌ఇగ్నోర్‌లో (గిట్ పట్టించుకోకూడని ఫైళ్ల జాబితా) రాసినవీ, చుక్కతో మొదలయ్యే ఫైళ్లూ అది చూడదు. పాస్‌వర్డ్ .ఎన్వ్ ఫైల్లో ఉన్నా ఏమీ దొరకదు. అలాంటప్పుడు -యూయూ తగిలించాలి.

ఫైళ్లని పేరుతో వెతికే ఫైండ్ బదులు లొకేట్ వాడమన్నది రెండోది. లొకేట్ చూసేది డిస్క్‌ని కాదు, అప్‌డేట్‌డీబీ అనే ప్రోగ్రామ్ కట్టిన జాబితాని. అది మామూలుగా రోజుకోసారి తయారవుతుంది. ఇప్పుడే పెట్టిన ఫైల్ అందులో ఉండదు, ఇందాక తీసేసింది ఉంటుంది. ఇక ఫైల్‌ని చూపించే క్యాట్ నుంచి గ్రెప్‌కి పైపు (ఒకదాని ఫలితాన్ని ఇంకోదానికి అందించే | గుర్తు) వెయ్యకూడదన్న మూడోది వదిలెయ్యండి, ఆ తేడా కంటికి ఆనదు.

నాలుగోది చూడండి. పాత లాగ్‌లు (ప్రోగ్రామ్‌లు రాసుకునే రికార్డు ఫైళ్లు) తీసెయ్యడానికట:

ఫైండ్ . -నేమ్ *.లాగ్ | ఎక్స్‌ఆర్గ్స్ ఆర్ఎమ్ -ఆర్ఎఫ్

'డేటా పాత.లాగ్' అని, మధ్యలో ఖాళీ ఉన్న ఫైల్ ఒకటి ఉందనుకోండి. ఫైండ్ ఇచ్చిన పేర్లని ఆర్ఎమ్‌కి అందించే ఎక్స్‌ఆర్గ్స్, ఖాళీ దగ్గర పేరుని రెండు ముక్కలు చేస్తుంది. తుడిచేసే ఆర్ఎమ్‌కి అందేవి './డేటా', 'పాత.లాగ్'. పక్కనే డేటా అనే ఫోల్డర్ ఉంటే మొత్తం పోతుంది. తీసెయ్యాల్సిన లాగ్ మాత్రం అలాగే ఉంటుంది. -ఎఫ్ ఉంది కాబట్టి ఎర్రర్ కూడా రాదు. పది రెట్ల వేగమంటే ఇదేనా? పైగా *.లాగ్ చుట్టూ కోట్స్ లేవు. ఉన్న ఫోల్డర్లో యాప్.లాగ్ ఒక్కటే ఉంటే, షెల్ (మనం కొట్టిన కమాండ్‌ని చదివి నడిపేది) ముందే నక్షత్రాన్ని విప్పేసి ఆ పేరునే ఫైండ్ చేతిలో పెడుతుంది. లోపలి ఫోల్డర్లలో వేరే పేరున్న లాగ్‌లు ఒక్కటీ దొరకవు.

ఇలా చెయ్యండి: ఫైండ్ . -టైప్ ఎఫ్ -నేమ్ '*.లాగ్' -ప్రింట్. వచ్చిన జాబితా మొత్తం చదవండి. సరిగ్గా ఉంటేనే -ప్రింట్ తీసి అక్కడ -డిలీట్ పెట్టండి. అది చివరే ఉండాలి. ఫైండ్ ఎడమ నుంచి కుడికి చూస్తుంది, -డిలీట్‌ని -నేమ్ కంటే ముందు పెడితే పేరుతో పనిలేకుండా తుడిచేస్తుంది.

గ్రెప్ ముందు ఎల్‌సీ_ఆల్=సీ (అక్షరాలుగా కాక బైట్లుగా చూడమనే సెట్టింగ్) పెట్టమన్న ఐదోది తెలుగు ఫైళ్లకి పనికిరాదని కొట్టిపారేద్దామనుకున్నాను. ఒప్పుకోవాలి, అది సరైనదే. అక్షరాల్ని ఫైల్లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు కోడ్ ఒక్కోటి 3 బైట్లు. పెద్దక్షరం -ఎఫ్‌తో (-F) 'రశీదు' అని ఉన్నదున్నట్టు వెతికితే బైట్లు బైట్లతోనే సరిపోలతాయి, తప్పు రాదు. రెగెక్స్‌లో (వెతికే నమూనాలో) 'ఏదో ఒక అక్షరం' అనే అర్థంలో చుక్క వాడేటప్పుడు మాత్రం అది తీసెయ్యండి, అక్కడ చుక్కకి ఒక్క బైటే లెక్క, 'క' ఒక్కదానికే మూడు చుక్కలు కావాలి.