సర్వపిండి రాసిస్తే రాదు, పక్కన నిలబడాలి

కొలతలు సరిగ్గా రాసిస్తే స్నేహితులు మన ఇంటి వంట ఇట్టే నేర్చుకుంటారని ఒక వ్యాసంలో చదివాను. అన్ని వంటలకూ అది కుదరదండీ. మాది హన్మకొండ. గుంటూరు నుంచి వచ్చిన మా పక్కింటి స్నేహితురాలికి సర్వపిండి, అంటే బియ్యప్పిండిని గిన్నెలో ఒత్తి కాల్చే మా తెలంగాణ కారం రొట్టె, ఎలా చేయాలో రాసిచ్చాను: రెండు గ్లాసుల బియ్యప్పిండి, గుప్పెడు నానబెట్టిన శనగపప్పు, నువ్వులు, పల్లీలు, ఉల్లిగడ్డ, కరివేపాకు, ఉప్పూ కారం. అడుగు మాడింది, పైన పచ్చిగానే ఉంది. పాపం, చాలా బాధపడింది.

మర్నాడు మా వంటింట్లోనే చేసి చూపించాను. చల్లటి గిన్నెకు నూనె రాసి, పిండిని లోపల అంచుల దాకా పల్చగా ఒత్తాలి. వేలితో అక్కడక్కడా రంధ్రాలు చేసి, ఒక్కో దాంట్లో నూనె చుక్క వేసి, మూత పెట్టి సన్న మంట మీద ఉంచాలి. కాసేపటికి కమ్మటి వాసన వస్తుంది, అంచులు వాటంతటవే గిన్నెను వదిలేస్తాయి. రెండోది ఒత్తే ముందు గిన్నెను నీళ్లలో పెట్టి చల్లార్చాలి, లేదంటే చెయ్యి కాలుతుంది. ఇది రాయడమే మర్చిపోయాను!

ఆమె నాకు గోంగూర పచ్చడి నేర్పింది. మేం పుంటికూర అంటాం, కానీ ఆమె చేతి రుచే వేరు. మొన్న సద్దుల బతుకమ్మకు రొట్టె, బెల్లం కలిపి చేసే మలీద ముద్దలు ఆమే చేసి తెచ్చింది.