కాంట్రాక్ట్ ముగిసిన నెలలోనే కరెంటు కంపెనీకి పండగ

డల్లాస్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లను అడగండి, "కరెంటు కాంట్రాక్ట్ అయిపోతోంది, మంచి ప్లాన్ ఏదైనా ఉంటే చెప్పండి" అన్న మాట ఎంత మామూలో తెలుస్తుంది. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో పెరిగినవాళ్లకు అసలు ఆ ప్రశ్నే వింత. మన తెలుగు రాష్ట్రాల్లో ఏ ప్రాంతంలోనైనా ఇళ్లకు కరెంటిచ్చే డిస్కం, అంటే పంపిణీ సంస్థ, ఒక్కటే. నచ్చినా నచ్చకపోయినా బిల్లు దానికే కట్టాలి.

టెక్సస్ 1999లో చట్టం చేసి, 2002 జనవరి నుంచి కరెంటు అమ్మకంలో పోటీ తెచ్చింది. స్తంభాలు, తీగలు, మీటర్లు మాత్రం పాత పద్ధతిలోనే ఉన్నాయి. డల్లాస్ వైపు వాటిని ఆంకార్ చూస్తుంది, హ్యూస్టన్‌లో సెంటర్‌పాయింట్. అంటే కంపెనీ మారినా ఇంటికొచ్చే కరెంటు అదే, డెలివరీ చార్జీ అదే. రాత్రి గాలివానకు కరెంటు పోతే ఫిర్యాదు చేరాల్సింది కూడా ఆంకార్‌కే. మనం మార్చేది బిల్లు పంపేవాణ్ని, ధరని. ఆ అవకాశమైనా అందరికీ లేదు. ఆస్టిన్, శాన్ ఆంటోనియోల్లో నగర సంస్థలే కరెంటు అమ్ముతాయి. డల్లాస్ పక్కనున్న ఫ్రిస్కోలో కొన్ని ఇళ్లు కోసర్వ్ అనే సహకార సంఘం కిందకు వస్తాయి, వాళ్లకీ ఎంపిక లేదు.

ఈ వ్యాపారంలో అసలు కిటుకు కాంట్రాక్ట్ ముగిసే తేదీలో ఉంది. ధర మారని ఫిక్స్‌డ్ ప్లాన్ గడువు దాటాక మనం ఏమీ చేయకపోతే కరెంటు ఆగదు. నెలనెలా ధర మారే ప్లాన్‌లోకి కంపెనీయే జరిపేస్తుంది. ఆ ధర ఎక్కువగా ఉండటమే మామూలు. కొత్తవాళ్లను తక్కువ ధర చూపించి రప్పించి, ఆదమరిచిన పాతవాళ్ల దగ్గర రాబట్టుకోవడం అన్నమాట. ముందుగా నోటీసు పంపాలని నిబంధన ఉంది, కంపెనీలు పంపుతాయి కూడా. ప్రకటనల మెయిళ్ల మధ్య అది ఎంతమంది కంట పడుతుందనేది వేరే సంగతి.

గడువుకు 14 రోజుల ముందు నుంచి ఎర్లీ టెర్మినేషన్ ఫీజు, అంటే ముందే వదిలేసినందుకు కట్టే రుసుము, లేకుండా మారిపోవచ్చు. ఇల్లు మారుతున్నట్టు ఆధారం చూపిస్తే మధ్యలోనే వదిలేసినా ఆ ఫీజు ఉండదు. ఆగస్టులో 12 నెలల ప్లాన్ తీసుకుంటే అది మళ్లీ ఆగస్టులోనే, ఏసీలు ఆగకుండా తిరిగే నెలలోనే ముగుస్తుంది. ఏప్రిల్‌లో ముగిసేలా గడువు ఎంచుకోవడం నయం. ఇంత చిన్న విషయం ఏ సేల్స్‌మనూ చెప్పడు.

మారుదామని కూర్చున్నవాళ్లకు ఇంకో చిక్కు. ప్రతి ప్లాన్‌కీ ఒక వివరాల పత్రం ఉంటుంది, అందులో 500, 1000, 2000 యూనిట్ల దగ్గర సగటు ధర చూపిస్తారు. పోల్చుకునే వెబ్‌సైట్లలో జనం ఎక్కువగా చూసేది 1000 యూనిట్ల ధర. కాబట్టి ప్లాన్లను సరిగ్గా ఆ అంకె దగ్గర చవగ్గా కనిపించేలా అల్లుతారు. ఉదాహరణకు యూనిట్ 16 సెంట్లు, 1000 చేరితే 50 డాలర్ల క్రెడిట్ అనుకుందాం. 1000 వాడితే బిల్లు 110 డాలర్లు. 990 వాడితే 158 పైమాటే! పొదుపు చేసినవాడికి జరిమానా ఇది. రాత్రిళ్లు ఉచితం అనే ప్లాన్లు కూడా ఈ తీరువే, పగటి ధర పెంచి రాత్రి ఇస్తారు. రాత్రి కారు చార్జింగ్ పెట్టుకునేవాళ్లకు కలిసిరావచ్చు, పగలంతా ఇంట్లో ఉండే అమ్మానాన్నలు వచ్చిన ఇంటికి కాదు.

"ఓపిగ్గా చూసుకునేవాడికి లాభమే కదా" అంటారు పోటీని సమర్థించేవాళ్లు. నిజమే. కానీ ఆ లాభానికి డబ్బు ఎక్కడినుంచి వస్తోంది? చూసుకోలేని పక్కింటివాళ్ల జేబులోంచి. 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో హోల్‌సేల్ ధర యూనిట్‌కు 9 డాలర్లకు ఎగబాకింది. ఆ ధరను నేరుగా వినియోగదారులకు వేసిన గ్రిడ్డీ అనే కంపెనీ జనానికి వేల డాలర్ల బిల్లులు పంపి, మరుసటి నెలలో దివాలా తీసింది. ఆ రకం ప్లాన్లను ఇళ్లకు అమ్మకూడదని అదే ఏడాది చట్టం తెచ్చారు. ఆదమరిచిన పాతవాళ్ల సంగతి మాత్రం ఎవరూ గట్టిగా పట్టించుకోలేదు.

బ్రిటన్ పట్టించుకుంది. అక్కడా కంపెనీలు మారవచ్చు. కానీ ఏ ప్లానూ ఎంచుకోనివాళ్ల మీద వేసే ధరకు 2019 జనవరి నుంచి నియంత్రణ సంస్థ ఆఫ్‌జెమ్ పరిమితి పెట్టింది. దానివల్ల బిల్లులు తగ్గిపోలేదు, 2022లో బాగా పెరిగాయి కూడా. అయినా మరచిపోయినంత మాత్రాన ఎంతైనా గుంజుకునే వీలు పోయింది. నా ఓటు ఈ పద్ధతికే.

మనకూ ఇది దూరపు సంగతి కాదు. ముంబై శివార్లలో టాటా, అదానీ కంపెనీల మధ్య ఎంచుకునే వీలు ఇప్పటికే ఉంది. ఒకే ప్రాంతంలో ఒకే తీగల మీద పలు డిస్కంలను అనుమతించే విద్యుత్ సవరణ బిల్లును కేంద్రం 2022 ఆగస్టులో లోక్‌సభలో పెట్టి స్థాయీ సంఘానికి పంపింది, ఆ సభతోనే అది మురిగిపోయింది. బాగా బిల్లు కట్టేవాళ్లను ప్రైవేటు ఎగరేసుకుపోతుందన్న ఉద్యోగ సంఘాల అభ్యంతరం మీదే చర్చంతా నడిచింది. అందులో సబబు ఉంది. అయితే అదే బిల్లులో, పలు డిస్కంలున్న చోట రాష్ట్ర నియంత్రణ మండలి కనిష్ఠ, గరిష్ఠ ధరలు నిర్ణయించాలన్న నిబంధన కూడా ఉండేది. అలాంటి బిల్లు మళ్లీ వస్తే, ఎన్ని కంపెనీలకు లైసెన్సులిస్తారన్న లెక్క కన్నా ముందు నేను వెతికేది ఆ గరిష్ఠ ధర గురించి రాసిన వాక్యాన్నే.