చప్పట్ల బొమ్మలు చాలు, ఓటు వేయండి

"క్రికెట్ అయి ఉంటే తప్పకుండా ఓటు వేసేవాళ్ళమండీ" అని డాలస్‌లోని మా తెలుగు వాట్సాప్ గ్రూపులో ఇందాకే ఒక పెద్దమనిషి సెలవిచ్చారు. పిల్లల బేస్‌బాల్ అభిమాన సంఘం ఒకటి నిర్వహిస్తున్న వ్యాసాల పోటీలో మా మేనకోడలు తుది జాబితాకు చేరిందనీ, ఇక గెలుపు ఓట్ల మీదే ఆధారపడి ఉందనీ ఉదయం నేను లింకు పంపితే దక్కిన సమాధానం ఇది. మిగిలినవారు చప్పట్ల బొమ్మలు పెట్టి తప్పుకున్నారు. లింకు తెరిచిన పాపాన ఎవరూ పోలేదు.

ఆ పెద్దమనిషి క్రికెట్ చూడటానికి సకుటుంబంగా వెళ్ళే గ్రాండ్ ప్రెయిరీ మైదానం కూడా ఒకప్పుడు బేస్‌బాల్ మైదానమే. ఆ సంగతి ముందే తెలిసి ఉంటే సంప్రోక్షణ చేయించి గానీ కూర్చునేవారు కారేమో!

మా పిల్లకు టెక్సస్ రేంజర్స్ బేస్‌బాల్ జట్టంటే ప్రాణం. ఆట సాగినంతసేపూ పెన్సిలుతో స్కోరు పుస్తకం నింపుతూనే ఉంటుంది; బ్యాటర్ మూడో స్ట్రైక్‌కు (కొట్టబోయి తప్పిన బంతి గానీ, వదిలేసిన మంచి బంతి గానీ స్ట్రైకే; మూడైతే అవుట్) బ్యాటు ఊపి అవుటైతే 'కె' అక్షరాన్ని మామూలుగా, ఊపకుండా నిలబడిపోతే అదే అక్షరాన్ని తిరగేసి రాస్తుంది. 1972లో మా డాలస్ పక్కనున్న ఆర్లింగ్టన్‌కు వచ్చిన ఆ జట్టు, ఈ పిల్ల పుట్టకముందు 2011లో వరల్డ్ సిరీస్ అనే బేస్‌బాల్ ఫైనల్ పోరు ఆరో ఆటలో గెలుపుకు ఒక్క స్ట్రైక్ దూరంలో రెండుసార్లు నిలిచి కూడా ఎలా చేజార్చుకుందో, చివరకు 2023లో అరిజోనా జట్టును ఓడించి తొలిసారి టైటిల్ ఎలా అందుకుందో ఆ వ్యాసంలో రాసింది. ఇదే స్పెల్లింగ్ బీ అయి ఉంటే, అడగకముందే ఆ పిల్ల ఫొటో అందరి స్టేటస్‌లలోనూ వెలిగిపోయేది.

పోనీ, ఓటు వేయడం, వేయించడం మనవాళ్ళకు చేతకాదా అంటే అదీ కాదు. ఆమధ్య ఒక సంఘం ఎన్నికలప్పుడు ఇదే పెద్దమనిషి మిఠాయి పెట్టెతో మా ఇంటికి వచ్చి, "తమ్ముడూ, మన జిల్లావాడే" అంటూ, నాకు ముఖపరిచయమైనా లేని అభ్యర్థికి దగ్గరుండి ఓటు వేయించుకున్నారు. ఆ అభ్యర్థి ఏ ఆట చూస్తాడని నేను అడిగానా?

ఓటింగు ఆదివారం రాత్రితో ముగుస్తుంది. లింకు మళ్ళీ గ్రూపులో పెడుతున్నాను. చప్పట్ల బొమ్మ పెట్టదలచినవారు ముందు ఓటు వేసి, ఆ తరువాత పెట్టగలరు.